పటం వేయించినవాడే కథానాయకుడైతే...

చేతికి ఎముక లేదు. మాటకు ఎదురు ఉండకూడదు. విజయనగరం రాజకుమారుడు విజ్జీ క్రికెట్‌కు మేలు చేశాడా... కీడు చేశాడా?

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ పటం తయారవుతుంటే చూడాలి. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూత పెడతారు. ఆరాక మళ్లీ పూత. ఆ తర్వాత గీతలు, ఎర్రటి నేల రంగు, దానిమీద దేవుళ్లు, రాజులు, రాక్షసులు. పైనుంచి కిందికి గడులు గడులుగా కథ నడుస్తుంది. కూనపులివాళ్లకు మార్కండేయ పురాణం, గౌడజెట్టివాళ్లకు గౌడ పురాణం. పటం విప్పి, ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడుతుంటే ఊరు ఊరంతా కూర్చుని వినేది.

ఇందులో ఓ మర్యాద ఉంది. గీసేది నకాషీలు. గీయించుకునేది కథ చెప్పేవాళ్లు. వాళ్లకు వడ్లో డబ్బులో ఇచ్చి పోషించేది ఆ కథ వినే కులంవాళ్లు. ఇంతమంది చెయ్యి పడితే గానీ పటం లేవదు. కానీ కథానాయకుడి చోట వీళ్లెవరూ ఉండరు. డబ్బు పెట్టాను కదా అని మార్కండేయుడిని తీసేసి నా బొమ్మ వేయమని ఎవరూ అడగరు!

అలా అడిగినవాడు ఒకడున్నాడు. అతను వేయించిన పటం గుడ్డమీద కాదు, పచ్చిక మీద. ఆ పటం పేరు భారత క్రికెట్ జట్టు. అడిగినవాడి పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. విజయనగరం మహారాజకుమార్. క్రికెట్ లోకానికి ‘విజ్జీ’.

రాజ్యం అన్నకు... ఆట తమ్ముడికి

1905 డిసెంబరు 28న పుట్టాడు విజ్జీ. విజయనగరం రాజావారికి రెండో కొడుకు. చదువు అజ్మీర్‌లోని మేయో కాలేజీలో, ఆ తర్వాత ఇంగ్లండులో. 1922లో తండ్రి పోయాక గద్దె అన్నగారు అలక్ నారాయణ గజపతికి దక్కింది. తమ్ముడు కాశీలో ఉన్న కుటుంబ ఎస్టేట్‌కు మకాం మార్చాడు.

డబ్బుంది. హోదా ఉంది. ఏలడానికి రాజ్యం మాత్రం లేదు. ఆ రోజుల్లో సంస్థానాధీశుడికి తుపాకీ సెల్యూట్‌లను బట్టి విలువ. రెండో కొడుక్కి ఆ లెక్కలో చోటే లేదు. మరి పేరెలా తెచ్చుకోవడం? టెన్నిస్ బాగా ఆడేవాడు. వేటకు వెళ్లేవాడు. కానీ అప్పటి దొరల లోకంలో పెద్ద తలుపులు తెరిచే తాళం చెవి ఒకటుంది. అదే క్రికెట్!

1926లో సొంత జట్టు పెట్టాడు. కాశీలోని తన ప్యాలెస్ ఆవరణలోనే మైదానం తయారుచేయించాడు. దేశంలో ఎక్కడ మంచి ఆటగాడున్నా పిలిపించాడు. పట్టుబట్టాడంటే అంతే... ఖర్చెంతని అడిగేవాడు కాదు.

1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహంతో దేశం అట్టుడికిపోతోంది. ఇంగ్లండ్ నుంచి రావలసిన ఎంసీసీ జట్టు పర్యటన రద్దు చేసుకుంది. ‘వాళ్లు రాకపోతే ఏం... నేను తెస్తాను’ అన్నట్టు విజ్జీ తనే ఓ జట్టు కట్టి 1930-31లో భారత్, సిలోన్‌లలో ఆడించాడు. ఆ జట్టులోకి ఎవరిని తెచ్చాడో తెలుసా? జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను! అప్పటికి ప్రపంచంలో వాళ్లను మించిన ఓపెనింగ్ జోడీ లేదు. ఎంసీసీ పర్యటనలకు ఐదుసార్లు రానని చెప్పేసిన హాబ్స్... విజ్జీ పిలిస్తే మాత్రం వచ్చాడు. మరికొన్నేళ్లకు వెస్టిండీస్ మెరుపువీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌నూ రప్పించాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇండోర్‌లో బడికెళ్లే ఓ కుర్రాణ్ని కాశీకి తీసుకొచ్చి, తర్ఫీదు ఇప్పించడం ఒక ఎత్తు. ఆ కుర్రాడి పేరు ముస్తాక్ అలీ. ఆ పేరు గుర్తుంచుకోండి. ఈ కథలో మళ్లీ వస్తాడు.

ఇక్కడితో ఆగి ఉంటే... భారత క్రికెట్‌ను చేయి పట్టి నడిపించిన దాతగా విజ్జీ పేరు సువర్ణాక్షరాలతో ఉండేది. మద్రాసులో బుచ్చిబాబు నాయుడు అలాగే మిగిలాడు కదా! ఆయనా తెలుగువాడే. దొరల క్లబ్బులు మనవాళ్లను దగ్గరికి రానివ్వని కాలంలో, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్‌ను పెట్టాడు. కుర్రాళ్లను చేరదీసి ఆట నేర్పించాడు. 1908లో ఆయన కన్నుమూస్తే, ఇప్పటికీ ఆయన పేరిట టోర్నమెంటు నడుస్తోంది. ఆ పేరు తలచుకుని ముఖం చిట్లించేవాళ్లు కనబడరు.

విజ్జీ ఆగలేదు. పటం తనదైనప్పుడు అందులో పెద్ద బొమ్మ తనదే కావాలనుకున్నాడు.

రూపాయి పోస్తే పదవి

1932లో భారత జట్టు తొలి టెస్ట్ కోసం ఇంగ్లండ్ బయల్దేరింది. ఆ పర్యటన కోసం విజ్జీ బోర్డుకు యాభై వేల రూపాయలు ఇవ్వజూపాడని క్రికెట్ చరిత్రకారులు రాశారు. నాటి యాభై వేలంటే మాటలా! అతనికి ‘ఉప ఉపనాయకుడు’ అనే పదవి దక్కింది. వినడానికే తమాషాగా ఉంది కదూ! నాయకుడు కాదు, ఉపనాయకుడూ కాదు. రెండో కొడుకును మళ్లీ వెనక వరుసలోనే కూర్చోబెట్టారన్నమాట. ఆరోగ్యం, ఆటతీరు కారణాలుగా చెప్పి తప్పుకొన్నాడు.

ఆ పర్యటనలో నాయకుడిగా పేరున్న పోర్‌బందర్ మహారాజు ఓ మంచిపని చేశాడు. తన ఆట స్థాయి తనకు తెలుసు. అందుకే లార్డ్స్ టెస్ట్‌కు తప్పుకొని, పగ్గాలు సీకే నాయుడి చేతికిచ్చాడు. అలా కొఠారి కనకయ్య నాయుడు భారత తొలి టెస్ట్ కెప్టెన్ అయ్యాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. సిక్సర్లు బాదుతుంటే జనం ఊగిపోయేవారు.

రాజు పక్కకు జరిగితే ఆట ఎలా ఉంటుందో 1932 చూపించింది. జరగకపోతే ఎలా ఉంటుందో చూడ్డానికి మరో నాలుగేళ్లు పట్టింది.

ఈ మధ్యలో విజ్జీ వైస్రాయ్ విల్లింగ్డన్ మనసు దోచుకునే పనిలో పడ్డాడు. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో ఆయన పేరిట పెవిలియన్ కట్టించాడు. దేశవాళీ ఛాంపియన్‌షిప్‌కూ విల్లింగ్డన్ పేరిటే కప్పు పెడతానన్నాడు. పోటీగా పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ రంజిత్‌సింహ్‌జీ పేరుతో కప్పు ఇస్తానన్నాడు. చివరికి నిలిచింది రంజీ ట్రోఫీయే. కప్పు పోతేపోయింది... 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్సీ మాత్రం విజ్జీకి దక్కింది. సీకే నాయుడు ఆ జట్టులో ఉన్నాడు. ఆటగాడిగా!

ముప్ఫై మూడు పరుగులు

ఆ వేసవి భారత క్రికెట్‌కు ఓ పీడకల.

అంకెలు చూస్తే విజ్జీ ఆట ఏపాటిదో తెలుస్తుంది. మూడు టెస్టులు. ఆరు ఇన్నింగ్స్. మొత్తం 33 పరుగులు. సగటు 8.25. మామూలు మ్యాచుల్లో అవతలి జట్టు కెప్టెన్‌కు బంగారు వాచీ బహూకరించి, తనకు తేలిక బంతులు వేయించుకునేవాడని ఓ కథ కూడా ప్రచారంలో ఉంది. కథ మాటెలా ఉన్నా, అంకెలు మాత్రం అబద్ధమాడవు.

ఆట రాకపోవడం నేరమేమీ కాదు. ఆట వచ్చినవాళ్లను చూసి ఓర్వలేకపోవడమే ముంచింది. జట్టు రెండుగా చీలింది. కెప్టెన్‌గారి మనుషులు ఒకవైపు. నాయుణ్ని గౌరవించేవాళ్లు మరోవైపు.

ముందుగా బలైంది లాలా అమర్‌నాథ్. 1933 డిసెంబరులో బొంబాయిలో సెంచరీ చేసి, భారత్ తరఫున టెస్టుల్లో శతకం కొట్టిన తొలి ఆటగాడైన అమర్‌నాథ్! ఆ పర్యటనలోనే ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేశాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉండమన్నారు. కట్టుకున్నాడు. వికెట్ పడింది. వేరేవాణ్ని పంపారు. మళ్లీ పడింది. మళ్లీ వేరేవాడే. చివరికి పొద్దుగుంకే వేళ తనవంతు వచ్చింది. తిరిగొచ్చాక సామాను విసిరికొట్టి పంజాబీలో ఏదో అన్నాడు. అంతే! క్రమశిక్షణ తప్పాడంటూ తొలి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ కూడా కెప్టెన్ మాటే తన మాట అన్నాడు.

లార్డ్స్ టెస్టులో భారత్ 9 వికెట్ల తేడాతో ఓడింది.

కన్నవాడే కత్తి చేతికిస్తే

రెండో టెస్ట్ మాంచెస్టర్‌లో. జులై 1936. భారత్ తొలి ఇన్నింగ్స్ 203కి ముగిసింది. ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 చేసి డిక్లేర్ చేసింది. 368 పరుగులు వెనకబడి ఉన్నాం. ఇన్నింగ్స్ ఓటమి ఖాయమనుకున్న వేళ బ్యాట్లు పట్టుకుని ఇద్దరు నడిచారు. ఒకరు విజయ్ మర్చంట్. రెండోవాడు ముస్తాక్ అలీ... కాశీలో విజ్జీ అన్నం తిని ఆట నేర్చుకున్న కుర్రాడు.

ఆ ఇన్నింగ్స్‌కు ముందు ముస్తాక్‌ను కెప్టెన్ పక్కకు పిలిచాడట. మర్చంట్ అతనికి గిట్టనివాళ్లలో ఒకడు. ‘పరుగు తీసేటప్పుడు మర్చంట్‌ను రనౌట్ చేయించు’ అన్నాడట! ఈ సంగతి తర్వాత ముస్తాకే స్వయంగా చెప్పాడు.

కాసేపు ఆ కుర్రాడి స్థానంలో నిలబడి చూడాలి. వయసు ఇంకా పాతికైనా లేదు. చేరదీసినవాడు అడుగుతున్నాడు. ఉప్పు తిన్న ఇల్లు. కాదంటే అమర్‌నాథ్‌కు ఏమైందో నెల కిందటే కళ్లారా చూశాడు. అవునంటే అవతల ఉన్నది సొంత దేశం జట్టు.

ముస్తాక్ ఏం చేశాడు? మైదానంలోకి వెళ్లి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నవ్వుకుని ఆడారు. తొలి వికెట్‌కు 203 పరుగులు! ముస్తాక్ 112. విదేశీ గడ్డ మీద భారతీయుడి తొలి టెస్ట్ సెంచరీ అది. మర్చంట్ 114. బుచ్చిబాబు నాయుడి కొడుకు కోట రామస్వామి ఆ మ్యాచ్‌లోనే, నలభయ్యో పడిలో తొలి టెస్ట్ ఆడుతూ, 40, 60 పరుగులు చేశాడు. మ్యాచ్ డ్రా అయింది.

విజ్జీ కథంతా ఆ ఒక్క భాగస్వామ్యంలో ఉంది. ఆ సెంచరీ వెనక అతను పెట్టిన డబ్బుంది. అతను గుర్తించిన ప్రతిభ ఉంది. కాశీలో అతను ఇప్పించిన తర్ఫీదు ఉంది. ఆ సెంచరీ అతని మాట జవదాటితేనే వచ్చింది. తను నాటిన చెట్టు కాపుకొచ్చే వేళకు తనే గొడ్డలి పట్టుకొచ్చాడు. చెట్టు ఒప్పుకోలేదు. అంతే!

మూడో టెస్ట్ ఓవల్‌లో. బాకా జిలానీ అనే ఆటగాడికి అక్కడ టెస్ట్ క్యాప్ దక్కింది. ముందురోజుల్లో ఫలహారాల బల్ల దగ్గర అందరి ఎదుటా సీకే నాయుణ్ని అవమానించినందుకు ఇచ్చిన బహుమతి అదని జట్టులోవాళ్లు తర్వాత చెప్పుకొన్నారు. జిలానీ ఆడిన టెస్ట్ అదొక్కటే. అదే టెస్టులో గబ్బీ అలెన్ వేసిన బంతి వచ్చి పొట్టమీద బలంగా తగిలినా, నలభయ్యేళ్ల నాయుడు క్రీజు వదల్లేదు. 81 పరుగులు చేశాడు. ఆయన చివరి టెస్ట్ ఇన్నింగ్స్ అది. ఆ మ్యాచ్ కూడా భారత్ 9 వికెట్లతో ఓడింది.

ఆ వేసవిలోనే విజ్జీ ‘సర్’ అయ్యాడు. టెస్ట్ పర్యటన మధ్యలో నైట్‌హుడ్ అందుకున్న క్రికెట్ కెప్టెన్! బ్యాటుకిచ్చిన బిరుదు కాదని వేరే చెప్పాలా?

తీర్పు... ఆ తర్వాత

ఇంటికొచ్చాక బోర్డు విచారణ కమిటీ వేసింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ అధ్యక్షుడు. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో కెప్టెన్‌కు తెలియదంది. బ్యాటింగ్ వరుసకు ఓ పద్ధతే లేదంది. అమర్‌నాథ్ తప్పు లేదని తేల్చింది. కానీ అమర్‌నాథ్‌కు పోయిన మూడు టెస్టులను ఏ కమిటీ తిరిగివ్వగలదు?

విజ్జీ చాలా ఏళ్లు తెరవెనక్కి వెళ్లిపోయాడు. అక్కడితో కథ ముగిస్తే అతను పూర్తిగా ప్రతినాయకుడే. కానీ ముగియలేదు.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వస్తున్న వేళ ‘సర్’ బిరుదును వదులుకున్నాడు. తర్వాత క్రికెట్ పాలనలోకి తిరిగొచ్చాడు. ఉత్తరప్రదేశ్‌లో ఆటకు ఊపు తెచ్చాడు. 1952 జనవరిలో కాన్పూర్ టెస్ట్ కేంద్రంగా మారడం వెనక అతని కృషి ఉంది. అదే ఏడాది పాకిస్తాన్‌తో సిరీస్‌కు లాలా అమర్‌నాథ్ మళ్లీ కెప్టెన్ అయ్యాడు. అందులో విజ్జీ చెయ్యి కూడా ఉందంటారు. ఒకనాడు ఓడెక్కించి పంపినవాణ్నే! 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు. 1958లో పద్మభూషణ్. సీకే నాయుడికి అంతకు రెండేళ్ల ముందే ఆ గౌరవం దక్కింది. ఇక్కడా రెండోస్థానమే! 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రేడియోలో కామెంటరీ చెప్పాడు. అది విన్నవాళ్లు అతని బ్యాటింగే నయమని జోకులేసుకునేవారు.

1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశాడు.

దూరదేశంలో ఓ దాయాది

ఇలాంటి యజమానులు ఎక్కడైనా ఉంటారు. అమెరికాలో క్రికెట్‌కు దాయాది లాంటి ఆట బేస్‌బాల్. అందులో న్యూయార్క్ యాంకీస్ అంటే పెద్ద పేరు. 1973లో ఆ జట్టును జార్జ్ స్టెయిన్‌బ్రెనర్ అనే ఓడల వ్యాపారి, మరికొందరితో కలిసి కొన్నాడు. డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టాడు. ఎక్కడ మంచి ఆటగాడుంటే అక్కడ చెక్కుబుక్కు తీశాడు. ఓడితే భరించలేడు. బిల్లీ మార్టిన్ అనే మేనేజర్‌ను ఐదుసార్లు పెట్టుకుని ఐదుసార్లూ సాగనంపాడు! తన జట్టులోనే ఉన్న స్టార్ ఆటగాడు డేవ్ విన్‌ఫీల్డ్ మీద మచ్చలు వెతకడానికి ఓ జూదగాడికి డబ్బిచ్చాడని తేలడంతో 1990లో అతని మీద నిషేధం పడింది. అయినా 2010లో అతను పోయేనాటికి యాంకీస్ అతని హయాంలో ఏడుసార్లు ప్రపంచ విజేత.

విన్‌ఫీల్డ్ కథ వింటే అమర్‌నాథ్ గుర్తొస్తాడు. ఇద్దరు యజమానులదీ ఒకటే జబ్బు... జీతమిచ్చేది నేను కదా, మనిషీ నావాడే అన్న భావన. కానీ ఓ తేడా ఉంది. స్టెయిన్‌బ్రెనర్ ఎంత అరిచినా, ఎంతమందిని తరిమినా, బ్యాటు మాత్రం తను పట్టుకోలేదు. అతనికి కావలసింది గెలుపు. అందుకే తప్పులు చేసినా తన జట్టు గెలిచింది. విజ్జీకి కావలసింది తను. అందుకే ముస్తాక్ సెంచరీ కొట్టినా అతను గెలవలేకపోయాడు.

2008లో ఐపీఎల్ వచ్చాక మనకూ జట్ల యజమానులు అలవాటయ్యారు. కోట్లు పోసి వేలంలో ఆటగాళ్లను కొంటున్నారు. గెలిస్తే కెమెరా వాళ్లవైపే తిరుగుతోంది. డబ్బు లేకపోతే ఆట లేదు. నిజమే. కానీ డబ్బు పెట్టడానికీ, ఆటను ఏలడానికీ నడుమ ఓ గీత ఉంది. ఆ గీత దాటితే ఏమవుతుందో చెప్పడానికి మాంచెస్టర్ కన్నా మంచి పాఠం లేదు.

మరి విజ్జీని ఎలా గుర్తుపెట్టుకోవాలి? హాబ్స్‌ను తెచ్చిన చెయ్యే అమర్‌నాథ్‌ను పంపింది. ముస్తాక్‌ను పెంచిన నోరే రనౌట్ చేయించమంది. మంచిని, చెడును వేరువేరు చీటీల మీద రాసి లెక్క తేల్చడానికి కుదరదు. రెండూ ఒకే సంచీలోంచి వచ్చాయి. రాజ్యం దక్కని రెండో కొడుకు పంతమే అతని చేత అంత ఖర్చు పెట్టించింది. ఆ పంతమే అందరి నెత్తినా కూర్చోబెట్టింది.

చేర్యాల పటంలో డబ్బు పెట్టినవాడికి బొమ్మ లేదు. అయినా అతను లేకపోతే పటం లేదని నకాషీకి తెలుసు, కథకుడికి తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. దాతకు ఆ ఎరుకే గౌరవం.

విజ్జీ పోయిన మరుసటి ఏడాది, 1966-67 నుంచి విశ్వవిద్యాలయాల కుర్రాళ్ల అంతర్ మండల పోటీకి ‘విజ్జీ ట్రోఫీ’ అని పేరు పెట్టారు. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది. అక్కడ బంతి వెంట పరుగెత్తే పిల్లలకు 33 పరుగుల సంగతి అక్కర్లేదు. వాళ్లకు కావలసింది ఓ మైదానం. అది ఉంది. కప్పు మీద అతని పేరుంది, స్కోరు లేదు. ఆడేది వాళ్లు. గెలిచేది వాళ్లు.

బతికుండగా అతను ససేమిరా ఒప్పుకోని చోటు... పోయాక అతనికి దక్కింది.